నగరవీధులలో బండ్ల ప్రవాహము

ఏటికి వరద వచ్చుటయు, పట్టణపు వీధిలో మోటారుబండ్లు క్రిక్కిఱిసి నిలిచిపోవుటయు ఒకే జాతి సంగతులని నేననగా మీలో పెక్కండ్రు నవ్వవచ్చును. కాని 1955లో లైట్‌హిల్, విథమ్ అను నిరువురు ఆంగ్లేయ గణితజ్ఞులు రెండు వ్యాసములను జంటగా ప్రకటించిరి. మొదటిది దీర్ఘనదులలో వరద సాగుటను గూర్చినది. రెండవది రద్దీబాటలపై బండ్ల నడకను గూర్చినది. రెంటికిని లెక్క యొక్కటియే.

ఈ శాస్త్రమునకు పునాది అంతకుముందే పడినది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున గ్రీన్‌షీల్డ్స్ అను నాతడు బాటప్రక్క ఛాయాగ్రహణ యంత్రమును నిలిపి, పోవుచున్న బండ్లను వరుసగా పటములు తీసి, 1935లో తన ఫలితములను వెల్లడించెను. బండ్లు పలుచగా నున్నప్పుడు వేగము హెచ్చు, చిక్కబడినకొలది తగ్గును. మైలునకు 40 బండ్ల చొప్పున ఉండి, గంటకు 30 మైళ్ల వేగమున పోవుచున్నవనుకొనుడు. ఒకచోట నిలిచి చూచినచో గంటకు 1,200 బండ్లు దాటును. మైలునకు 150 బండ్లు క్రిక్కిఱిసి గంటకు 4 మైళ్లు ప్రాకుచో, దాటునవి 600 మాత్రమే. అనగా ఒక మేర మించిన పిమ్మట, బండ్లు పెరిగినకొలది బాట సాగనంపునవి తగ్గిపోవును.

ముందుబండి యొకటి ఆగినచో, ఆ ఆగుట వెనుకదానికి, దాని వెనుకదానికి ప్రాకును. బండ్లు ముందునకు పోవుచుండగా అడ్డంకి వెనుకకు నడచును. ఇట్లు ఆగుచు కదలుచు నుండు ఇంజనుల పొగ, నిలుకడగా సాగువాని పొగకంటె హెచ్చు. దానిని పీల్చువారు బండి యెక్కినవారే కారు. వీధివెంట బడికి పోవు పసివాండ్రును, కూరలమ్ము ముదుసళ్లును.

క్రొత్తబాటలు వేసిన తీరదా యని మీరడుగవచ్చును. ఎవరి మేలు వారు చూచుకొని దారి నెంచుకొనుచో, క్రొత్తబాట చేర్చుటచేతనే అందఱికిని ఆలస్యము పెరుగు సందర్భము కలదని జర్మను గణితజ్ఞుడు బ్రేస్ 1968లో లెక్కతో చూపెను. అందఱును ఆ దగ్గఱదారికే యెగబడుటయే హేతువు.

స్వీడను రాజధాని స్టాక్‌హోమువారు వేఱొక ఉపాయము పన్నిరి. ముందుగా బస్సులను పెంచి, 2006 జనవరి 3 మొదలు జూలై 31 వరకు, నగరమధ్యమునకు వచ్చిపోవు బండ్లపై సుంకము విధించి చూచిరి. రద్దీవేళ హెచ్చు, తక్కిన పగటివేళ తక్కువ, రాత్రి లేదు. అచ్చటి ఎల్లను దాటు బండ్లు సుమారు అయిదింట నొకవంతు తగ్గెను. గాలియు కొంత తేటపడెను. తొలుత గొణిగిన నగరవాసులే సెప్టెంబరులో ఓటువేసి సమ్మతించిరి. కాని చుట్టుపట్ల ఓటు జరిగిన ఊళ్లలో హెచ్చుమంది వలదనిరి. 2007 ఆగస్టునుండి సుంకము స్థిరపడినది.

ఆ వలదన్నవారి మాటను తేలికగా త్రోసిపుచ్చరాదని నా తలంపు. కాలువ మొదట నున్నవాని న్యాయము వేఱు, చివరిపొలమువాని న్యాయము వేఱు. ఈ సంగతి మీకొకరు చెప్పనక్కఱలేదు. ఎంత నీరు విడిచిన గట్టు నిలుచునో లెక్క చెప్పగలదు. ఎవరి వంతు ఎంతయో ఊరివారందఱు కూర్చుండి తేల్చుకొనవలసినదే. నగరమునకును అంతియే.