పసిఫిక్ రిమ్ జాతీయ పార్కు రిజర్వ్

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో, వాంకూవర్ దీవి పడమటి తీరాన ఉన్న జాతీయ పార్కు ఇది. 1970లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 511 చ.కి.మీ. అదంతా ఒకేచోట లేదు. టోఫినో, యుక్లూలెట్ ఊళ్ల మధ్యనున్న లాంగ్ బీచ్, వందకు పైగా చిన్న దీవులున్న బ్రోకెన్ గ్రూప్, 75 కి.మీ. కాలిబాట అయిన వెస్ట్ కోస్ట్ ట్రైల్ కలిస్తే పార్కు.

పేరు చివర ‘రిజర్వ్’ ఊరికే చేరిన మాట కాదు. ఇది నూ-చా-నుల్త్ ప్రజల నేల. ఎర్ర సెడార్ దుంగలను తొలిచిన పడవల్లో తిమింగలాల వేటకు వెళ్లినవారు వాళ్లు. భూమి హక్కుల సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు కనుకే ఆ మాట నిలిచింది. పార్కుకు వెళ్లేవారు ముందుగా తెలుసుకోవలసినది ఇదే: అక్కడ మనం అతిథులం.

లాంగ్ బీచ్ భాగంలో టెంటు వేసుకోవాలంటే గ్రీన్ పాయింట్ క్యాంప్‌గ్రౌండ్‌కే వెళ్లాలి. ఇసుకలో రాత్రి బసకు అనుమతి లేదు. వేసవికి చోటు ముందే బుక్ చేసుకోకపోతే దొరకడం కష్టం. ఏడాదికి 3,000 మి.మీ. పైగా వాన పడే తీరమిది, విశాఖలో పడేదానికి దాదాపు మూడు రెట్లు. మంచి టార్పాలిన్ లేకుండా వెళ్లకూడదు. ఆగస్టులో పొగమంచు ఎంత దట్టంగా దిగుతుందంటే, స్థానికులు ఆ నెలను ‘ఫాగస్ట్’ అంటారు.

వంటసామాను, ఎంగిలి గిన్నెలు, చివరికి టూత్‌పేస్టు కూడా బయట వదలకూడదు. నల్ల ఎలుగులు, తోడేళ్లు, కూగర్‌లు తిరిగే అడవి అది. మనిషి తిండి రుచి మరిగిన తోడేలు టెంట్ల దగ్గరికి రావడం మొదలుపెడితే, చాలాసార్లు దాన్ని చంపాల్సి వస్తుంది. మన అజాగ్రత్తకు అది ప్రాణం చెల్లిస్తుంది.

సముద్రం వేసవిలోనూ చల్లగానే ఉంటుంది. అందుకే సర్ఫర్లు మందపాటి వెట్‌సూట్‌తో పాటు బూట్లు, చేతి తొడుగులు వేసుకుంటారు. సూటు రబ్బరులోని సన్నని గాలి బుడగలు ఒంటి వేడిని బయటకు పోనివ్వక చలిని ఆపుతాయి. శీతాకాలపు తుఫాను కెరటాలు ఆరితేరినవాళ్లకే; నేర్చుకునేవారికి వేసవి అలలు మేలు. పార్కు సరిహద్దు దాటగానే వచ్చే కాక్స్ బేలో 2009లో జరిగిన అంతర్జాతీయ సర్ఫింగ్ పోటీని టోఫినో కుర్రాడు పీట్ డెవ్రీస్ గెలిచాడు. అయితే ఈ తీరంలో సముద్రం లోపలికి లాగేసే రిప్ కరెంట్లు తరచూ వస్తాయి. వాటిలో చిక్కినవాళ్లు ఒడ్డుకు ఎదురీదకుండా తీరం పొడవునా పక్కకు ఈది బయటపడాలి.

వసంతంలో బూడిద తిమింగలాలు మెక్సికో నుంచి ఆర్కిటిక్ వైపు సాగిపోతూ ఇక్కడ కనిపిస్తాయి. పక్కకు ఒరిగి, అడుగు బురదను నోటితో పీల్చి, జల్లెడలాంటి పలకలతో చిన్న జీవులను వడకట్టుకుంటాయి. పడవలు వాటికి కనీసం 100 మీటర్ల దూరంలో ఉండాలి. కిల్లర్ వేల్స్‌కైతే ఇంకా ఎక్కువ. పడవ ఎక్కకపోయినా లోటు లేదు: నీరు తీసిన వేళ రాళ్లమధ్య ఊదా, నారింజ రంగుల నక్షత్రచేపలు ఆల్చిప్పలను కరచుకుని ఉంటాయి.

వెస్ట్ కోస్ట్ ట్రైల్ ఉత్తర కొసన పచీనా బే ఉంది. ఒక శీతాకాలపు రాత్రి భూమి కంపించి, కెరటం వచ్చి అక్కడి ఊరిని తుడిచిపెట్టిందని నూ-చా-నుల్త్ ప్రజల్లో ఒకరైన హు-ఆయ్-ఆత్ తెగ పెద్దలు తరతరాలుగా చెప్పుకొచ్చారు. జపాన్ తీరాన్ని తాకిన సునామీ రికార్డులను బట్టి శాస్త్రవేత్తలు ఆ రాత్రిని 1700 జనవరి 26గా తేల్చారు. నేడు ఆ తీరంలో నేల గట్టిగా కదిలితే, సైరన్ కోసం చూడకుండా మెట్టకు పరుగెత్తాలి.