సీమలో పరిశోధక విద్యకు దొరకిన ఆదరువు



కడప జిల్లాలో, పులివెందులకు చేరువను, తుమ్మలపల్లె యను గ్రామము కలదు. వానకు మొగము వాచిన యీ ప్రాంతపు శిలలను విలియం కింగు దొర 1872 సంవత్సరమున ముద్రితమైన భూగర్భశాస్త్ర గ్రంథమున వర్ణించియుండెను. ఇచ్చటి సున్నపురాతి పొరలకు పొరుగూరగు వేంపల్లె పేరే స్థిరపడినది. ఆ రాతియందు యురేనియము విస్తారముగ నున్నదని 2011లో ప్రకటింపబడెను. 2012లో శుద్ధికర్మాగారము పనిచేయ నారంభించెను. జాదుగూడలో ఆమ్లముతో రాబట్టు లోహమును, ఇచ్చట రాయి సున్నపురాయి యగుటచే, క్షారముతో రాబట్టుచున్నారు. ఇట్లు తుమ్మలపల్లె పేరు దూరదేశముల శాస్త్రపత్రికల కెక్కినది. కాని యా రాతిని గుఱించి తానును ఒక సిద్ధాంతగ్రంథము వ్రాయవలెనని యా యూరి రైతుబిడ్డ తలచినచో, వానికి దారి చూపువా రెవరు? ఈ ప్రశ్నకు మన సీమ చరిత్రయే కొంత సమాధానము చెప్పుచున్నది.

1820లో సి. పి. బ్రౌను దొర కొలువునకై కడపకు వచ్చెను. తెలుగు గ్రంథములు తాటాకులలో శిథిలమగుచుండుట చూచి, కడపలో నొక బంగళా సమకూర్చి, జూలూరి అప్పయ్య మొదలగు పండితులను చేర్చి, వారికి తన సొంత ధనమునుండి జీతము లిచ్చెను. వారు ఒక్కొక కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి, పాఠములు సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాసిరి. 1829లో వేమన పద్యములును, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువడుటకు ఇట్టి కృషియే మూలము. ఆ పండితులకు కూర్చుండుటకు చోటు, తినుటకు తిండి, సందేహము కలిగినప్పుడు అడుగుటకు ప్రక్కనే తోడివాడు ఉండిరి. పరిశోధనకు కావలసినవి ఈ మూడే. ఆ బంగళా స్థలముననే జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికతో బ్రౌను గ్రంథాలయము వెలసినది.

అటుపిమ్మట చిరకాలము సీమవారికి ఉన్నతవిద్య మద్రాసు దారియే. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల నెలకొన్నను, పరిశోధనకు దూరప్రయాణము తప్పలేదు. 1937 నాటి శ్రీబాగు ఒడంబడికలో విశ్వవిద్యాలయ కేంద్ర మొకటి అనంతపురమున నుండవలెనని పెద్దలు కోరుట యూరక కాదు. 1954లో తిరుపతి యందు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1981లో అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, 2006లో కడపలో యోగివేమన విశ్వవిద్యాలయము, 2008లో కర్నూలున రాయలసీమ విశ్వవిద్యాలయము ఏర్పడినవి. నూఱు క్రోసుల దూరము నేడు ఒక పూట బస్సు ప్రయాణమైనది.

వాకిలి దగ్గఱైనను తాళపుచెవి యెచ్చట నున్నదో మన పిల్లలకు తెలియదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారి పరీక్షలో నెగ్గి ఫెలోషిప్పు పొందినవారికి 2023 జనవరి మొదలు నెలకు తొలి రెండేండ్లు 37,000 రూపాయలును, ఆపైని 42,000 రూపాయలును నిర్ణయింపబడినవి. 2022 నాటి నిబంధనల ప్రకారము ఒక ఆచార్యుడు ఎనమండుగురిని, సహ ఆచార్యుడు ఆర్గురిని, సహాయాచార్యుడు నల్గురిని మాత్రమే శిష్యులుగ గైకొనవచ్చును. కావున ఎవరి యొద్ద ఖాళీ కలదో ముందుగ తెలిసికొన్నవాడే లోపలికి పోవును. స్త్రీలకు ప్రసవమునకు, శిశుపోషణకు 240 దినముల వఱకు సెలవు కలదని యెఱుగక చదువు విడిచెడి కోడండ్రు ఎందఱో! తండ్రియో అన్నయో ఆచార్యుడైన యింటిలో ఈ సంగతులు భోజనముకడనే తెలియును. తొలితరము చదువరి యింటిలో ఎవరికిని తెలియవు.

ఇది ఒక్కని జీవనోపాధికి మాత్రమే సంబంధించిన విషయము కాదు. తుమ్మలపల్లె చుట్టుప్రక్కల రైతులు వ్యర్థముల చెఱువు మూలమున తమ బోర్లనీరు చెడినదని మొఱపెట్టిరి. సంస్థవారు దాని నంగీకరింపరైరి. ఇరువాగులందు నిజమెంతయో తేల్చుటకు ఏండ్ల తరబడి నీరు పట్టి, కొలిచి, లెక్కవ్రాయు పరిశోధకుడు కావలెను. ఊరివారు నమ్మి తమ బావి చూపునట్టివాడును, శాస్త్రజ్ఞులు ఒప్పుకొనునట్టి విద్య కలవాడును ఒక్కడే యైనచో ఎంత మేలు! అట్టివాడు లేని సీమ తన నేలను గుఱించి ఇతరులు చెప్పినదే వినవలసియుండును.

కావున నాదొక మనవి. మన పెద్దలు పూర్వము వసతిగృహములు కట్టించి బాలురను కళాశాలలకు పంపిరి. నేడు సంఘము ఒక పుస్తకము తెఱచి, డాక్టరేటు పొందినవారి పేర్లు, చదువుచున్నవారి పేర్లు, చేరగోరువారి పేర్లు శాస్త్రముల వారీగ వ్రాయించవలెను. ఏటికి రెండుమారులు వారిని ఒకచోట కూర్చి, దరఖాస్తు, పరిశోధన ప్రణాళిక వ్రాయుట నేర్పించవలెను. వేతనము చేతి కందువఱకు వడ్డీలేని చేబదులు ఇప్పించవలెను. వ్యయము స్వల్పము, కావలసినది పెద్దల శ్రద్ధ.

ఇంకొక మాట. బ్రౌను దొర వేమనను వెలికితెచ్చునప్పుడు కులము అడుగలేదు. మన పుస్తకమున పొరుగింటి బిడ్డ పేరును వ్రాయుదము. ఈ సాయము మన గడపలోనే ఆగిపోవునేని, ఆ బోరునీటిని కొలుచువాడు మఱియొక తరమునకును దొరకడు. సభవారు ఆలోచింతురు గాక!