ఆఫ్రికా చేప, కంభం నీళ్లు, మార్కాపురం పలక

చేపను చేతిలోకి తీసుకుని ముక్కు చూస్తే, అది సిక్లిడ్ కుటుంబానిదా కాదా అన్నది చాలావరకు తేలిపోతుంది. బొచ్చె, శీలావతి, మోసు లాంటి చేపలకు ముఖానికి ఒక్కో పక్క రెండేసి ముక్కు రంధ్రాలుంటాయి. సిక్లిడ్‌కు ఒక్కోటే. ఒంటి పక్కన సాగే గీత తోక దాకా ఏకంగా పోదు; మధ్యలో తెగి, కాస్త కిందికి దిగి మళ్లీ మొదలవుతుంది. వీపు రెక్క ముందు భాగమంతా ముళ్లే. భారతదేశపు సొంత సిక్లిడ్లు మూడే మూడు. అవి ప్రధానంగా తీరపు ఉప్పుకయ్యల్లోనూ పడమటి కనుమల నదుల్లోనూ బతికేవి. కాబట్టి ఈ గుర్తులున్న చేప మార్కాపురం, గిద్దలూరు వైపు చెరువు గట్టున కనబడితే, అది దాదాపుగా ఆఫ్రికా సంతతే. దాని పేరు తిలాపియా, జనం నోట జిలేబి.

ఈ ప్రాంతంలో చేపల కథ కంభం చెరువుతో ముడిపడి ఉంది. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ సందులోంచి పోయే చోట, విజయనగర కాలంలో అడ్డుకట్ట వేశారు. శ్రీకృష్ణదేవరాయల దేవేరి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ దీన్ని కట్టించిందని ప్రతీతి. ఏడు కిలోమీటర్ల పొడవున పరుచుకునే ఈ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, డ్రైనేజీ కమిషన్ ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది. వానలు ముఖం చాటేస్తే చెరువు అడుగంటుతుంది, నిండినప్పుడు మళ్లీ చేపపిల్లల్ని వదులుతారు. కరువు సీమలో చెరువు చేపలకు ఒక తరం ముగిసి కొత్త తరం మొదలయ్యేది అలాగే. ఏ పిల్లను వదులుతున్నామన్న ప్రశ్నకు ఇక్కడ అంత బరువు ఉన్నది కూడా అందుకే.

జిలేబీల్లో మన దేశానికి మొదట వచ్చిన మొజాంబిక్ తిలాపియాను పీటర్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1852లో వర్ణించాడు. సరిగ్గా నూరేళ్లకు, 1952లో, అది బ్యాంకాక్ నుంచి ఇప్పటి తమిళనాడు తీరంలోని మండపం అనే ఊరికి చేరింది. అప్పటికి కంభం, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో, ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం రావడానికి ఇంకా ఏడాది ఉంది, ఇవి తర్వాత చేరిన ప్రకాశం జిల్లా ఏర్పడడానికి పద్దెనిమిదేళ్లుంది. మాంసకృత్తులకు కరువైన రోజులవి. ఏది పెడితే అది తిని, మురికి నీటిలోనూ బతికే చేప వరంలా తోచడంలో ఆశ్చర్యం లేదు. దక్షిణాది చెరువుల్లో, జలాశయాల్లో దాన్ని ధారాళంగా వదిలారు.

చిక్కంతా దాని కాపురంలో ఉంది. రెండు మూడు నెలల వయసుకే ఈడుకొస్తుంది. మగది అడుగున మట్టిలో గుంట తవ్వుతుంది. ఆడది గుడ్లను నోట పెట్టుకుని మూడు వారాల పాటు కాచుకుంటుంది. పిల్లలు ఈదడం నేర్చాక కూడా బెదిరితే తల్లి నోట్లోకే దూరుతాయి. ఇంత కాపుదలతో పెరిగే సంతానం చెరువంతా నిండిపోతుంది. తిండి చాలక జిలేబీలు అరచేతి సైజులోనే గిడసబారిపోతాయి, పక్కనున్న బొచ్చె, శీలావతులకూ మేత తగ్గుతుంది. రాజస్థాన్‌లోని జైసమంద్ సరస్సులో తిలాపియా చేరాక బొచ్చె, శీలావతి కోవకు చెందిన పెద్ద కార్పు చేపల సగటు బరువు పడిపోయింది. 1959 నాటికే దీని వ్యాప్తిపై దేశంలో నిషేధం పెట్టారు. కానీ నీళ్లలో పడిన చేపను కాగితం వెనక్కి పిలవలేదు.

చేపపిల్లల్లోనే దాన్ని పట్టుకునే గుర్తు ఒకటి ఉంది. పిల్ల తిలాపియాకు వీపు రెక్క వెనక భాగం మొదట్లో నల్లటి చుక్క ఉంటుంది. విత్తనం కొనేటప్పుడు గిన్నెలో నీళ్లు పోసి నాలుగు పిల్లల్ని తిప్పి చూసే ఓపిక ఉంటే, చెరువును ఏళ్ల తరబడి కాపాడుకోవచ్చు. అప్పటికే చేరిపోయిన చోట దానికి సరిజోడు కొరమేను, వాలుగ లాంటి వేట చేపలే. అవి పిల్లల్ని తిని సంఖ్యను అదుపులో ఉంచుతాయి. కానీ చిన్న కార్పు పిల్లలున్న చెరువులో ఆ మందు పనికిరాదు, వాటినీ మింగేస్తాయి.

ఇప్పుడు పెంపకంలో ఉన్నది వేరే జాతి, నైలు తిలాపియా. తోక మీద నిలువు చారలు స్పష్టంగా కనిపిస్తే అది నైలుది. జత కట్టే వేళ ఒళ్లు నల్లబడి, గొంతు కింద తెల్లగా, రెక్కల అంచులు ఎర్రగా మారే మగది మొజాంబిక్‌ది. రెండూ కలిసి సంకరం పుట్టిస్తాయి గనుక అనుమానపు చేపలూ దొరుకుతుంటాయి. నైలు జాతిలో మేలురకాన్ని ఎంపిక చేసే గిఫ్ట్ కార్యక్రమం 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. ఆ రకం విజయవాడ దగ్గరి చేపపిల్లల కేంద్రం ద్వారా ఆంధ్ర రైతులకు చేరింది. అన్నీ మగవే ఉండేలా తయారుచేసిన పిల్లల్ని పెంచితే గుడ్ల బెడద ఉండదు. 2009లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు ఈ పెంపకాన్ని అనుమతితోనే సాగనిచ్చాయి.

చెరువు వదిలి గాజు తొట్టి దగ్గరికి వస్తే, ఇదే కుటుంబానికి చెందిన రంగుల చేపల్లో చాలా రకాలు ఆఫ్రికాలోని మలావి, టాంగన్యీకా సరస్సులవి. ఇక్కడ పొత్తు కుదర్చడం ఇంకా సున్నితం. మలావి రాళ్ల మధ్య బతికే ఎంబూనా జాతులు నాచు మేసేవి. మాంసం ఎక్కువైతే కడుపుబ్బి చస్తాయి. వాటిని మెతక స్వభావపు పీకాక్ చేపలతో కలిపితే పీకాక్‌లు దెబ్బలు తిని రంగు కోల్పోతాయి. ఒకే రంగు మగవి రెండుంటే కొట్లాట తప్పదు. అందుకే ఒక మగదానికి మూడు నాలుగు ఆడవి పెట్టి, దాక్కోవడానికి గూళ్లు ఎక్కువ చేస్తారు. ఆడ పీకాక్‌లన్నీ బూడిద రంగులో ఒకేలా ఉంటాయి. జాతి తెలియకుండా కలిపితే సంకరం పుట్టి, తర్వాత ఎవరూ పేరు చెప్పలేని చేప మిగులుతుంది.

ఆ గూళ్లకు పలకరాయి బాగా పనికొస్తుంది. ఒకప్పుడు దేశమంతటా బడిపిల్లల చేతుల్లో ఉన్న పలకలు ఎక్కువగా మార్కాపురం గనులవే. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాతి పొరలకు కంభం పేరే పెట్టారు. పలక పొరలుగా చీలుతుంది, చదునుగా ఒకదానిపై ఒకటి నిలుస్తుంది, మామూలుగా నీటి గుణాన్ని మార్చదు. మెరిసే ఇనుప గంధకపు మచ్చలున్న ముక్కను పక్కన పెట్టాలి. తెల్ల చారపై వెనిగర్ చుక్క వేసినప్పుడు నురగ వస్తే, అందులో సున్నం ఉందని అర్థం. మలావి చేపలకు 7.7 నుంచి 8.6 దాకా పీహెచ్ ఉన్న నీళ్లు సరిపోతాయి గనుక అదీ పెద్ద హాని చేయదు. బోరు నీటిలో ఫ్లోరైడ్‌తో సతమతమయ్యే ఈ మండలాల్లో తొట్టి నింపేముందు ఆ నీటిని పరీక్షించుకోవాలి. రాళ్లను ఇసుక మీద కాక నేరుగా తొట్టి అడుగున ఆనించి పేర్చాలి, లేకపోతే తవ్వే అలవాటున్న చేప కింది ఇసుక లాగేసి గూడును తనమీదే కూల్చుకుంటుంది.