గౌతమీ బాలశ్రీ మాతృవ్రతము



మాతృత్వము ప్రసవముతో ముగియునది కాదనియు, ఎఱిఁగి యాచరింపవలసిన సాధన మనియు మన పెద్దలు చెప్పుదురు. ఇందులకుఁ బురాణములలో ఉదాహరణములు పెక్కులు గలవు. నేఁడు నేను శిలాక్షరములలో నిలిచిన యొక తల్లి చరిత్రమును మీకు మనవి చేసెదను. ఆమె శాతవాహన రాజమాత గౌతమీ బాలశ్రీ.

పురాణములు ఆంధ్రులని పేర్కొన్న యీ వంశమున పలువురు రాజులు తల్లి గోత్రనామముతో వ్యవహరింపఁబడిరి. గౌతమీపుత్రుఁడు, వాసిష్ఠీపుత్రుఁడు అను పేళ్లు అట్టివే. బడిలో ఈ పాఠము చెప్పునపుడు నేను, “రాజును చూచుటకు ముందు, ఆ పేరులోని తల్లిని చూడుఁడు” అని పిల్లలతో ననుచుండెడివాఁడను.

నాసికకు సమీపమున త్రిరశ్మి పర్వతముపై, 3వ గుహలో, ఆమెను స్మరించు ప్రాకృత శాసనములు రెండు గలవు. మొదటిది గౌతమీపుత్ర శాతకర్ణి 24వ రాజ్యసంవత్సరము నాఁటిది. భిక్షువులకు మున్నొసఁగిన పొలము సాగులో లేదు. ఆ గ్రామము నిర్జనమైనది. అందుచేత వారికి 100 నివర్తనముల రాజక్షేత్రము నిచ్చుచు వెలువడిన యాజ్ఞ యిది. రాజు పేరితోపాటు రాజమాత పేరిటను ఇది వెలువడినది. అందామెకు ‘జీవసుత’ యను విశేషణము గలదు. కుమారుఁడు జీవించియున్న తల్లి యని దాని యర్థము.

రెండవది మనుమఁడైన వాసిష్ఠీపుత్ర పుళుమావి 19వ సంవత్సరము నాఁటిది. క్రీస్తుశకము 2వ శతాబ్దికిఁ జెందినది. ఇందు ‘జీవసుత’ యను మాట లేదు. కుమారుఁడు గతించెను, తల్లి మిగిలెను. ఆమె గుహను తొలిపించి భద్రయానీయ భిక్షుసంఘమునకు దానము చేసెను.

ఈ శాసనము ఆమెను సత్యము, దానము, క్షమ, అహింసలయందు ప్రీతి గలదిగాను, తపస్సు, దమము, నియమము, ఉపవాసములయందు నిరతురాలిగాను వర్ణించుచున్నది. ఆమె కుమారుఁడో శక యవన పహ్లవులను నిర్జించి క్షహరాతవంశమును నిర్మూలించిన యోధుఁడు. అహింసను వ్రతముగాఁ గొన్న తల్లికి ఈ కీర్తి యెట్లు రుచించెనని మీరడుగవచ్చును. ఈ రెండును పూర్తిగాఁ బొసఁగినవని నేననను. కాని ఆ ప్రశస్తియే ఆ రాజును, అపరాధియైన శత్రువు ప్రాణమునైనను హరింప నిచ్చగింపనివాఁడనియు, ధర్మము తప్పక పన్నులు గొన్నవాఁడనియు, పౌరుల సుఖదుఃఖములను తనవిగా నెంచినవాఁడనియు, తల్లికి ఎడతెగక శుశ్రూష చేసినవాఁడనియుఁ గొనియాడినది. ప్రశస్తులలో అతిశయోక్తి సహజము. ఐనను, ఒక తల్లి తన బిడ్డ యే గుణములతో లోకమునకు గుర్తుండవలెనని కోరెనో దీనివలనఁ దెలియుచున్నది.

అవ్వకుఁ బ్రీతి గూర్పఁగోరి పుళుమావి ఆ గుహాలంకరణమునకై యొక గ్రామము నిచ్చి, ఆ పుణ్యమును తండ్రికి ధారపోసెను. పుత్రశోకమును మ్రింగిన ఆ వృద్ధమాత, తన కుమారుని పేర పరులకు నిలువనీడ గల్పించినది; మనుమనికి దానధర్మమును నేర్పినది. తల్లులారా, కడుపున మోసిన మాసములు కొన్నియే. ఆ పిమ్మట మోయవలసిన భారము ఎంతకాలము నిలుచునో ఆ గుహగోడ నేఁటికిని సాక్ష్యము చెప్పుచున్నది.