పొడవు, వెడల్పు, మందం

రోడ్డు పనికి బిల్లు రావాలంటే ముందు అది ఎం-బుక్‌లోకి ఎక్కాలి. మెజర్‌మెంట్ బుక్ అని దాని అసలు పేరు గానీ, ఇంజనీర్ల నోటా కాంట్రాక్టర్ల నోటా ఆ పూర్తి పేరు వినపడదు. "ఎం-బుక్ అయిందా?" అంటే పని కొలిచి రాసేశారా, ఇక డబ్బులు అడగొచ్చా అని. అందులో వరసగా గడులుంటాయి: సంఖ్య, పొడవు, వెడల్పు, లోతు లేదా మందం, చివర్లో మొత్తం పరిమాణం. కింది ఇంజనీరు కొలిచి రాస్తాడు, పై ఇంజనీరు చెక్ మెజర్‌మెంట్ చేసి సంతకం పెడతాడు. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న సీసీ రోడ్డంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. అదే రోడ్డును 12 సెంటీమీటర్ల మందంతో పోస్తే 36 చాలు. ఐదో వంతు కాంక్రీటు మిగిలిపోయింది. దాని మీద నడిచేవాడికి మాత్రం రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, కనీసం మొదటి రెండు వానాకాలాలూ.

పుస్తకం సరిగ్గానే ఉంది, దాన్ని ఎవరు చదువుతున్నారు అన్నదే ప్రశ్న. మన ప్రాంతంలో ఈ ప్రశ్నకి నూటయాభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది.

మద్రాసు ప్రెసిడెన్సీలో రోడ్ల కోసమని విడిగా పన్ను వేయడం 1866 నాటి రోడ్డు సెస్సు చట్టంతో మొదలైంది. 1871లో స్థానిక నిధుల చట్టం వచ్చి దాని స్థానాన్ని తీసుకుంది. శిస్తు మీద రూపాయికి అణా మించకుండా సెస్సు, రోడ్ల మీద టోలు, ఆ డబ్బులో పెద్ద వాటా రోడ్లకు, మిగతాది బడులకు, ఆసుపత్రులకు. కాగితం మీద ఇది చాలా న్యాయమైన ఏర్పాటు. నీ ఊరి డబ్బు నీ ఊరి రోడ్డుకే. కానీ ఆ నిధిని నడిపే బోర్డుకి అధ్యక్షుడు కలెక్టరు. శిస్తు వసూలు చేసేవాడూ ఆయనే, సెస్సు ఖర్చు పెట్టేవాడూ ఆయనే, ఖర్చెలా అయిందో పైకి రాసేవాడూ ఆయనే. అణా ఇచ్చిన రైతుకి లెక్క చెప్పాలన్న నియమం ఎక్కడా కనపడదు. లెక్కలు లేవని కాదు. దొరల కాలంలో లెక్కలకేం కొదవ! ప్రతి మైలుకీ లెక్క ఉంది. అయితే ఆ లెక్కలన్నీ పైకే వెళ్ళాయి. ఊరి నుంచి తాలూకాకి, తాలూకా నుంచి జిల్లాకి, జిల్లా నుంచి మద్రాసుకి.

అప్పటి తెలుగు పత్రికలు ఏం చేస్తున్నాయని అడగొచ్చు. వీరేశలింగం 1874లో వివేకవర్ధని పెట్టి లంచగొండితనాన్ని దులిపేశాడు. కోర్టు వ్యవహారాల మీద వ్యవహార ధర్మబోధిని రాశాడు. కోర్టులో లంచమంటే ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు, మధ్యలో వకీలు ఉంటారు, నాటకానికి కావలసిన పాత్రలన్నీ సిద్ధం. రోడ్డు లెక్కలో పాత్రలుండవు, గడులుంటాయి. మన సాహిత్యంలో కోర్టు పక్షులకు ఉన్న చోటు ఓవర్సీర్లకు లేకపోవడానికి ఇదో కారణమని నా అనుమానం.

రోడ్డు లెక్క మనిషి ప్రాణానికి సంబంధించిన విషయమైంది 1876-78లో. రాయలసీమలో ధాత కరువు అని ఇప్పటికీ చెప్పుకునేది అదే. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికి వేరే జిల్లా కాదు, బళ్ళారిలో భాగం, 1882లో గానీ విడిపోలేదు. కరువు పనులంటే ఎక్కువగా రోడ్లే: మట్టి తవ్వి పోయడం, కంకర కొట్టడం. మొదట్లో రెవెన్యూ వాళ్ళు ఊళ్ళకు దగ్గర్లోనే చిన్న చిన్న పనులు తెరిచారు. ఖర్చు చూసి కలకత్తా ప్రభుత్వానికి కంగారు పుట్టింది. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ని పంపాడు. టెంపుల్ పనుల మీద తిరిగి తేల్చిందేమిటంటే, అవసరం లేని వాళ్ళు చాలామంది కూలి పుచ్చుకుంటున్నారని. మగవాడి కూలిని ఒక పౌను ధాన్యం విలువకి, పైన ఒక అణాకి దించాడు. పౌనంటే 450 గ్రాములు, అది తిని రోజంతా కంకర కొట్టాలి. జనాన్ని దగ్గరి పనుల నుంచి దూరపు పెద్ద పనులకు మళ్ళించాలన్నాడు. నిజంగా ఆకలేస్తే అంత దూరం నడిచి వస్తారని లెక్క. లక్షల మంది పనుల నుంచి రాలిపోయారు.

మద్రాసు శానిటరీ కమిషనర్ డబ్ల్యు. ఆర్. కార్నిష్ దీన్ని గట్టిగా ఎదిరించాడు. ఒళ్ళు వంచి పని చేసే మనిషికి ఆ తిండి చాలదని వైద్యుడిగా వాదించాడు. కొన్ని వారాలకు మద్రాసు ప్రభుత్వం కూలి కొంత పెంచింది కూడా. ఈ వాదం మొత్తాన్ని ఆకలి చరిత్రగా చదవడం మామూలే, చదవాలి కూడా. నేను ఇంకో వైపు నుంచి, తనిఖీ చరిత్రగా కూడా చదువుతాను. టెంపుల్ చేసింది ఒక రకంగా ఆడిట్. ప్రజాధనం వృథా అవుతోందా అని చూడటానికే వచ్చాడు. ఆ ఆడిట్‌లో అనుమానం ఎవరి మీద? తట్ట మోసేవాడి మీద. వాడు దొంగ ఆకలితో వచ్చాడేమో అని. వాడికి రావలసిన కూలి వాడి చేతికి వచ్చిందా లేదా అన్నది మాత్రం అతన్ని పంపిన వాళ్ళ మొదటి ప్రశ్న కాదు. మస్టర్‌లో తన పేరు ఎదురుగా ఏం రాశారో కూలివాడు చూసే వీలూ లేదు, చూసినా చదవగలిగే చదువూ లేదు.

ఆ తర్వాతి వందేళ్ళనీ త్వరగా దాటేస్తాను, ఎందుకంటే పేర్లు మారినంతగా పద్ధతి మారలేదు. 1882లో రిప్పన్ తీర్మానం, 1884లో స్థానిక బోర్డుల చట్టం, జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, యూనియన్. 1920 చట్టంతో బోర్డుల మీద కలెక్టరు పట్టు పోయి రాజకీయం వచ్చింది. ద్వంద్వ ప్రభుత్వంలో స్థానిక పాలన మంత్రి పదవి పానగల్లు రాజా రామారాయణింగారి చేతికొచ్చింది. బోర్డుల్లోకి ఎవరిని నామినేట్ చేయాలన్నది మంత్రి చేతిలో ఉండటం జస్టిస్ పార్టీకి ఎంత బలమైందో చరిత్రకారులు వివరంగానే రాశారు. బోర్డు చేతిలో ఉన్నవాడి చేతిలో బడి పంతులు ఉద్యోగాలుంటాయి, రోడ్డు కాంట్రాక్టులుంటాయి. మన ఊళ్ళలో 'కాంట్రాక్టర్ గారు' అనేది ఒక వృత్తి పేరుగా కాక హోదాగా ఎందుకు వినిపిస్తుందో తెలియాలంటే ఈ ఇరవైల నుంచి వెతకాలి. ఆడిట్ అప్పుడూ ఉంది. లోకల్ ఫండ్ ఆడిట్ వాళ్ళు వచ్చి అభ్యంతరాలు రాసేవారు. బోర్డు జవాబు రాసేది. ఆ జవాబు మీద మళ్ళీ అభ్యంతరం. 1959లో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి పంచాయతీరాజ్ ప్రారంభించాక కూడా, 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చాక కూడా ఈ కాగితాల ప్రయాణం పైకే. సర్పంచిని మనం ఎన్నుకుంటాం. ఆయన లెక్క మాత్రం మనకి చెప్పడు, జిల్లాకి చెబుతాడు.

దారి మళ్ళింది మన దగ్గర కాదు, రాజస్థాన్‌లో. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంస్థ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానాలో జన్ సున్‌వాయీ పెట్టింది. చేసిన పని చెప్పుకోడానికి చాలా చిన్నది. పంచాయతీ పనుల మస్టర్లు, బిల్లులు సంపాదించి, ఊరి మధ్యన మైకులో గట్టిగా చదివారు, అంతే. ఫలానా వాడు ఇన్ని రోజులు పని చేశాడు, ఇంత తీసుకున్నాడు అని చదువుతుంటే, ఆ ఫలానా వాడు జనంలోంచి లేచి నేనా పనికే పోలేదంటాడు. ఏ ఆడిటరూ ఆఫీసులో కూర్చుని ఇది పట్టుకోలేడు, ఎందుకంటే కాగితాల మధ్య పొంతన బాగానే ఉంటుంది. అబద్ధం ఉన్నది కాగితానికీ మనిషికీ మధ్య. 1996లో బ్యావర్‌లో నలభై రోజుల ధర్నా, అక్కణ్ణుంచి 2005 సమాచార హక్కు చట్టం దాకా సాగిన కథ అందరికీ తెలిసిందే.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. టెంపుల్ కూలి తగ్గించి వెళ్ళిన నేల, 129 ఏళ్ళ తర్వాత. యాదృచ్ఛికమేమీ కాదు, కరువు మారని చోటే ఇలాంటి పథకం మొదలుపెడతారు. చట్టాన్ని, టెంపుల్ నిబంధనల్ని పక్కపక్కన పెట్టి చదివితే మాత్రం ఒకదానికొకటి జవాబు రాసినట్టుంటుంది. అక్కడ దూరం ఒక పరీక్ష. ఇక్కడ ఐదు కిలోమీటర్లు దాటి పని ఇస్తే పది శాతం అదనపు కూలి ఇవ్వాలి. అక్కడ సర్కారు కూలివాణ్ణి తనిఖీ చేసింది. ఇక్కడ 17వ సెక్షన్ ప్రకారం గ్రామసభే పనుల్ని తనిఖీ చేయాలి.

ఆ సెక్షన్‌ని దేశంలో అందరికంటే గట్టిగా పట్టుకున్నది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. 2006లోనే అనంతపురం జిల్లాలో సామాజిక తనిఖీ పెద్ద ఎత్తున చేశారు. 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. దాన్ని నడిపిన సౌమ్య కిడాంబి రాజస్థాన్ సంస్థలో పని చేసి వచ్చిన మనిషి. కూలీల ఇళ్ళలోని చదువుకున్న పిల్లలకి శిక్షణ ఇచ్చి, మస్టర్లు చేతికిచ్చి, గడపగడపకీ పంపేవారు. అమ్మా, నువ్వు ఈ వారం ఆరు రోజులు పని చేశావని రాశారు, నిజమేనా? ఎంత వచ్చింది? తర్వాత గ్రామసభ, ఆ తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. ఒక పక్క అధికారులు, ఒక పక్క కూలీలు, మధ్యలో చదివేవాడు. డబ్బు తిన్న ఫీల్డ్ అసిస్టెంటు అక్కడే ఉంటాడు, చాలాసార్లు చెప్పేవాళ్ళకి చుట్టమో పొరుగో అవుతాడు. ఆ ఎండలో నిలబడి వాడి ఎదురుగా పేరు పెట్టి చెప్పడం ఎంత కష్టమో ఊళ్ళో పుట్టినవాళ్ళకి వివరించక్కర్లేదు. అయినా చెప్పారు. సెస్సు పుట్టిన నూట నలభై ఏళ్ళకి లెక్క మొదటిసారి అంత పెద్ద ఎత్తున కిందికి వచ్చింది.

దీన్ని విజయగాథగా ముగించడం తేలిక. కానీ ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికల్నే వరసగా తీసుకుని చేసిన అధ్యయనం ఉంది. వాళ్ళకి కనిపించినది: కూలి డబ్బుకి సంబంధించిన అక్రమాల్లో పోయే మొత్తం కొంత తగ్గింది, సామగ్రికి సంబంధించిన అక్రమాలు అంతకన్నా ఎక్కువ పెరిగాయి. తినేవాడు ఆకలి మానుకోలేదు, కంచం మార్చాడు. ఎందుకో ఊహించడం కష్టం కాదు. మస్టర్‌లో అబద్ధం రాస్తే సాక్షి ఆ కూలీయే. సిమెంటు బస్తాల బిల్లుకి సాక్షి ఎవరు? చట్టం ప్రకారం ఖర్చులో అరవై శాతం కూలికి పోతే నలభై దాకా సామగ్రికి పెట్టొచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ నలభైలో పెద్ద ముక్క ఊళ్ళలోని సీసీ రోడ్లయింది. కాంట్రాక్టర్లు ఉండకూడదన్న చట్టం కిందే, కాంట్రాక్టర్ గారి కోసమే పుట్టినట్టుండే పని.

అంటే మళ్ళీ మందం దగ్గరికే వచ్చాం. ప్రజావేదికలో టేపు పెట్టి పొడవు కొలవగలరు, వెడల్పు కొలవగలరు. మందం తెలియాలంటే కోర్ కట్టర్ కావాలి, అది ఊరి చేతిలో ఉండదు.

ఇక ఇటీవలి సంగతి. 2023 జనవరి నుంచి ఉపాధి పనుల్లో హాజరు మొబైల్ యాప్‌లో తప్పనిసరి అయింది. కూలీలందర్నీ నిలబెట్టి రోజుకి రెండుసార్లు ఫొటో తీయాలి, సమయం, స్థలం ముద్ర పడాలి. నేను బతికేది సాఫ్ట్‌వేర్ మీదే కనక దీన్ని కాస్త వృత్తిదృష్టితో చూస్తాను. ఏ సాఫ్ట్‌వేర్‌ని చూసినా అది ఎవర్ని నమ్మడం లేదో తెలిసిపోతుంది. ఈ యాప్ నమ్మనిది కూలివాణ్ణి. పొద్దున్నే పని ముగించుకున్న ఆడమనిషి రెండో ఫొటో కోసం ఎండలో కాచుకోవాలి, సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే కూలి ఆమెదే పోతుంది. సిమెంటు బిల్లు పెట్టినవాడు ఏ కెమెరా ముందూ రోజుకి రెండుసార్లు నిలబడడు. 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది, ఈ యాప్‌లో పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకి తీసిన ఫొటోలు ఎక్కుతున్నాయని. ఆశ్చర్యమేముంది? ఫొటో చూసేవాడు మళ్ళీ పైనే ఉన్నాడు. టెంపుల్ గారికి ఈ యాప్ నచ్చి ఉండేది.

రోడ్లకీ ఫొటోలున్నాయి. పనికి ముందు, మధ్యలో, తర్వాత జియోట్యాగ్ చేసిన ఫొటోలు పెట్టాలి. వాటిలో రోడ్డు పొడుగ్గా, తెల్లగా, అందంగా కనపడుతుంది. మందం అందులోనూ కనపడదు. అది కంటికి కనిపించేది ఒక్క పూటే, కాంక్రీటు పోసే పూట. పక్కల షట్టరింగ్ బిగించి ఉంటుంది, దానికి అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒక తాడు లాగి పట్టుకుని, కింద గ్రావెల్ దాకా ఎంతుందో ఐదారు చోట్ల కొలిస్తే చాలు. అంచుల దగ్గర కొలిస్తే ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది. గ్రావెల్ ఉబ్బుగా పోసేది నడిమధ్యనే, కొలవాల్సిందీ అక్కడే. బడిపిల్లల స్కేలుతో అయ్యే పని. మధ్యాహ్నానికి మిల్లర్ వెళ్ళిపోతుంది, సాయంత్రానికి తడి గోనెసంచులు కప్పేస్తారు, తర్వాత మిగిలేది ఎం-బుక్‌లో మందం అన్న గడి.