పట్టుగూటి ధర, పత్రిక మాట

మన చిక్కబళ్లాపురం, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి తాలూకాల్లో ‘పేపర్లో వచ్చింది’ అన్న మాటకు ఒకప్పుడు రిజిస్టరు పత్రానికున్నంత విలువ ఉండేది. ఇప్పుడు ఆ మాట అంటే ఎదుటివాడు నవ్వుతున్నాడు. ఈ నవ్వు ఎక్కడ మొదలయిందో లెక్క తీయాలని నాకు చాలాకాలంగా ఉంది. నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. రెండు ఖాతాలు పక్కపక్కన పెట్టి సరిచూడడం ఒక్కటే నాకు తెలిసిన విద్య.

పత్రికలు రాకముందు మన పల్లెలకు వార్త మనిషి వెంట వచ్చేది. కైవారం నారాయణప్ప తాతయ్య గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగినవాడని పెద్దలు చెబుతారు. అలాంటి వర్తకుడు పొరుగూరి సంగతి అబద్ధం చెబితే మళ్లీ ఆ ఊళ్లో అడుగు పెట్టలేడు. వార్తకు ఒక ముఖం ఉండేది, పూచీ ఉండేది.

పత్రిక ఆ పూచీని తన మీద వేసుకొన్నది స్వాతంత్ర్యోద్యమ కాలంలో. 1938 ఏప్రిల్ 25న గౌరిబిదనూరు తాలూకా విదురాశ్వత్థంలో కాంగ్రెస్ జెండా ఎగరేయడానికి చేరిన జనంమీద మైసూరు పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవారు ఇంతమందని సర్కారు చెప్పిన సంఖ్య ఒకటి. జనం చెప్పుకొన్నది అంతకంటె చాలా ఎక్కువ, ముప్పైకి పైబడినది. ఆ రెండో లెక్క సంస్థానం సరిహద్దు దాటింది కాబట్టే గాంధీజీ దాన్ని పట్టించుకొన్నారు. సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ బెంగళూరు వచ్చి దివాన్ మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు. విచారణ సంఘానికి మద్రాసు హైకోర్టు జడ్జీగా పనిచేసిన తెలుగువారు సర్ వేపా రామేశం అధ్యక్షులయ్యారు. సర్కారు ఖాతాను సరిచూడడానికి రెండో ఖాతా ఒకటి ఉండాలి, అదే పత్రిక అన్న నమ్మకం మన పెద్దలకు ఆ రోజుల్లో కలిగింది.

ఇక మన బతుకు ఖాతా. టిప్పు సుల్తాన్ కాలంలో మైసూరు సీమలో నాటుకొన్న పట్టు పరిశ్రమ మన తాలూకాల్లో రెండు పనులుగా ఉంది. రైతు మల్బరీ పెంచి, పురుగును మేపి గూడు చేస్తాడు. రీలరు ఆ గూటిని ఉడుకు నీళ్లలో వేసి, కొస పట్టి, కొన్ని పోగులు కలిపి నూలు తీస్తాడు. మొదటిది సేద్యం, రెండోది కర్మాగారం. ఇంటి వెనక రేకుల షెడ్డులో చరకానో బేసినో పెట్టుకొన్నా అది కర్మాగారమే. గూళ్లు ఏరేవాళ్లు, పొయ్యి మండించేవాడు, నూలు తీసేవాళ్లు, దాన్ని మళ్లీ చుట్టేవాళ్లు, చివరికి చచ్చిన పురుగును నూనె కోసం కొనేవాడు, ఇందరు దానిమీద బతికారు. శిడ్లఘట్టలో ఈ పని చేసేవారిలో చాలామంది ముస్లిములు. గూడు అమ్మే రైతు తెలుగు, కొనే రీలరు ఉర్దూ, మార్కెట్ అధికారి కన్నడం. బేరానికి ఏ భాషా అడ్డం రాలేదు.

ఈ పరిశ్రమకు బయటి దెబ్బ కొత్తది కాదు. 1930లలో చైనా, జపాన్ పట్టు చౌకగా వచ్చి పడింది. విచారణ జరిపించిన మీదట 1934లో ప్రభుత్వం రక్షణ సుంకం వేసింది. తర్వాత యుద్ధం వచ్చి, పారాచూట్లకు పట్టు కావలసివచ్చి మన నూలుకు మళ్లీ గిరాకీ పెరిగింది. సరళీకరణ తర్వాత అదే కథ తిరిగి వచ్చింది. 2003లో చైనా పట్టుపై డంపింగ్ నిరోధక సుంకం వేశారు. 2011 బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 5 శాతానికి దించారు. గూటి ధర కుప్పకూలింది, రైతులు రోడ్డెక్కారు. 2013 బడ్జెట్‌లో దాన్ని 15 శాతానికి పెంచారు. ఆ రెండేళ్లలో ఆరిన పొయ్యిలన్నీ మళ్లీ మండలేదు.

ఆ 2011 మార్చి నెలలోనే ఒక రీలరు మా శాఖకు వచ్చాడు. చేతిలో మడిచిన పేపరు ఉంది. “సార్, పట్టుచీరలు అగ్గువ అవుతాయని ఇందులో రాసుండారు. మా బేసిన్లు నిలిచిపోతాయని యాడ రాసుండారు?” అన్నాడు. నేను పేపరంతా తిరగేశాను. ఎక్కడా లేదు. అచ్చయినది అబద్ధం కాదు, కానీ అందులో అతను లేడు. మూడు నెలల తర్వాత బాకీ కోసం అతనికి నోటీసు పంపినది నేనే. పై ఆఫీసుకు రాసిన రిపోర్టులో అతను నిరర్థక ఆస్తుల పట్టికలో ఒక వరుస అయ్యాడు. పేపరువాళ్లను తప్పుపట్టేముందు నా రిపోర్టు నాకు గుర్తొస్తుంది.

రెండో పక్కా చూడాలి. ధర్మవరం, హిందూపురం వైపు నేతగాళ్లకు చైనా నూలు సమంగా ఉండి పడుగుకు తెగకుండా నిలుస్తుంది. సుంకం తగ్గడం వారికి మేలు. మరొకటి, ఈ సీమ నూలు షెడ్లలో పిల్లల చేతులు ఉడుకునీళ్లలో మునిగిన రోజులున్నాయి. 1996లో ఒక అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థ కర్ణాటక పట్టు పరిశ్రమలోని బాల వెట్టిని గురించి నివేదిక వెలువరించింది. మన ఊళ్లో అది అందరికీ తెలుసు, ఎవరూ రాయలేదు. పోయిన పనులన్నీ ఉండవలసినవే అనలేం. ఉన్నప్పుడు ఆ పని గురించి రాయనివాళ్లు పోయినప్పుడూ రాయలేదు. జనం నమ్మకం పోయింది ఇక్కడే అని నా లెక్క.

మన తెలుగువాళ్లకు ఇది రెట్టింపు. అనంతపురంవైపు నుంచి వచ్చే తెలుగు పేపరుకు మనం పక్క రాష్ట్రం. బెంగళూరు కన్నడ పేపరుకు మనం సరిహద్దు. రెండింటికీ మనం అంచునే ఉన్నాం.

ఆ ఖాళీలోకి సెల్‌ఫోను వచ్చింది. 2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత ‘చైనా పట్టు ఇక రాదు’ అని ఒక సందేశం చేతులు మారింది. నాకు తెలిసిన ఒక చిన్న రీలరు దాన్ని నమ్మి, అప్పు తెచ్చి కొన్న గూళ్ల నూలును అమ్మకుండా నిలవ పెట్టుకొన్నాడు. ధర లేవలేదు, వడ్డీ లేచింది. చివరికి బేసిన్లు పాత ఇనుముకు అమ్మి బెంగళూరులో కాపలా పనికి పోయాడు. “పేపర్ను నమ్మకపోతిమి, దీన్ని నమ్మి చెడితిమి సార్,” అన్నాడు. ఆ సందేశం పంపింది ఎవరని అడిగాను. అతనికి తెలియదు.

ఇప్పుడు పెద్ద ఆటోమేటిక్ యంత్రాలు వచ్చాయి. వాటితో నూలు మెరుగు, మనుషులు తక్కువ. వాటికీ అప్పులిచ్చాం, ఇవ్వవలసిందే. అయితే మన తాలూకాల్లో ఎన్ని చరకాలు ఉండేవి, ఏ వీధిలో, ఎవరు తిప్పారు, ఎప్పుడు ఆపారు, ఆపి ఎక్కడికి పోయారు అన్నది తెలిసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఈ పత్రిక చదివేవాళ్లలో ప్రతి ఒక్కరికీ అలాంటి షెడ్డు ఒకటైనా గుర్తుంటుంది. ఊరు, సంవత్సరం, పనివారి సంఖ్య, ఈ మూడూ రాసి పెట్టండి. నేను మా వీధితో మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు షెడ్లు తేలాయి. పొగ వస్తున్నది రెండింటిలో.