ఎక్సర్జీ: ఒక భావన, ఆలస్యంగా దొరికిన పేరు

భావన స్పష్టపడిన 83 ఏళ్లకు గాని పేరు స్థిరపడని ఉదంతం ఉష్ణగతిక శాస్త్రంలో ఒకటుంది. అదే ‘ఎక్సర్జీ’.

శక్తి నిత్యత్వ నియమం పరిమాణాన్ని లెక్కిస్తుందే గాని నాణ్యతను పట్టించుకోదు. పరిసరాల ఉష్ణోగ్రత 300 కెల్విన్లు అనుకుందాం. 600 కెల్విన్ల ఉష్ణాశయం నుంచి తీసుకొన్న 100 జౌళ్ల ఉష్ణం గరిష్ఠంగా 50 జౌళ్ల పనినిస్తుంది. 400 కెల్విన్లయితే 25 మాత్రమే. 300 వద్ద శూన్యం. ఈ పరిమితికి మూలం సాదీ కార్నో 1824లో వెలువరించిన గ్రంథం. ఉష్ణాన్ని ద్రవంగా భావిస్తూనే ఆయన ఇంత దూరం రావడం విశేషం.

చిక్కు పేర్ల దగ్గర మొదలైంది. 1865లో క్లాసియస్, ‘ఎనర్జీ’తో ధ్వనిసామ్యం ఉండేలా, పరివర్తన అనే అర్థంగల గ్రీకు పదం నుంచి ‘ఎంట్రపీ’ని కల్పించాడు. 1868లో టేట్ ఆ మాటనే తలకిందులు చేసి, పనికి అందే శక్తికి వర్తింపజేశాడు. 1871 నాటి ‘థియరీ ఆఫ్ హీట్’లో మాక్స్‌వెల్ అతణ్ణి అనుసరించాడు. ఒకే మాట క్లాసియస్‌కు పెరిగేదాని పేరు, టేట్‌కు తరిగేదాని పేరు! దీనిని పదవివాదంగా కొట్టివేయలేం. ఎంట్రపీ వస్తువు స్వీయధర్మం. పనికి అందే శక్తి పరిసరాలపైన కూడా ఆధారపడుతుంది. రెండింటి ప్రమాణాలే వేరు.

1873లో గిబ్స్ ఈ గందరగోళాన్ని ఎత్తిచూపి, వస్తువునూ దాని చుట్టూ ఉన్న మాధ్యమాన్నీ కలిపి లెక్కించి, అందుబాటు శక్తిని నిర్వచించాడు. మాక్స్‌వెల్ తరువాతి ముద్రణలో తన పాఠాన్ని సవరించాడు. పేరుగల పండితుడు అలా దిద్దుకోవడం అరుదు. ఆ రెండు భావనల అసలు బంధం 1889లో గూయీ, అనంతరం స్టోడోలా చూపినది: కోల్పోయిన పని, పరిసరాల ఉష్ణోగ్రతను కొత్తగా పుట్టిన ఎంట్రపీతో గుణిస్తే వచ్చే విలువకు సమానం.

అయినా జర్మన్ ఇంజనీర్లు ‘సాంకేతిక కార్యసామర్థ్యం’ అనే పొడవాటి సమాసంతోనే నెట్టుకొచ్చారు. 1956లో స్లొవేనియాకు చెందిన జోరాన్ రాంట్ ‘వెలుపలికి’, ‘పని’ అనే అర్థాలుగల గ్రీకు ధాతువులతో ‘ఎక్సర్జీ’ని ప్రతిపాదించాడు.

తెలుగులో ‘లభ్యశక్తి’ అంటే గిబ్స్ మాటకు దగ్గరవుతుంది. కాని ఏ పరిసరాలలో లభ్యమన్న ప్రశ్న ఆ సమాసంలో వినిపించదు. లభ్యత వస్తువులోనే ఉన్నట్లు తోస్తుంది. అందుచేత ‘ఎక్సర్జీ’ని తత్సమంగానే ఉంచి, నిర్వచనంలో పరిసరాలను తప్పక పేర్కొనడం మేలని నా అభిప్రాయం.